మరవ ఎత్తు

మన్నెత్తు చెల్లెలా మన్నెత్తవే
తడిమన్ను తట్టనే తలకెత్తవే
కట్టమీదికి గంగ వచ్చేదెన్నడో...

ఇంతవరకే వస్తుంది సుంకులుకు. ఆ పైన ఏముందో గుర్తు లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ తట్ట నెత్తిన పెట్టుకొని కట్టెక్కుతూ పాడేది. గంగ వచ్చేదెన్నడో అని ఎక్కే వరస అడిగితే, ఖాళీ తట్టలతో దిగే వరస జవాబు పాడేది. అడిగింది జ్ఞాపకముంది, జవాబే పోయింది. తోడి ఆడవాళ్ళను అడిగితే ఒకామె "పున్నమికి" అంది, ఇంకొకామె "పుబ్బకు" అంది. మూడో ఆమె "నీ మొగుడు చెప్పినమాట విన్ననాటికి" అని నవ్వి పోయింది.

ఆ పొద్దు కూడా సుంకులు ఆ పాటే గొణుక్కుంటూ కట్టమీద కూర్చొని ఉంది. నెత్తిన తట్ట లేదు. ఒళ్ళో నోటుబుక్కు ఉంది. తట్టే తేలికనిపించింది ఆమెకు.

బొమ్మరాయిపల్లె చెరువు తెగి అప్పటికి ముప్పయ్యేండ్లు. తెగిననాడు కట్టకింది దిగువ గేరిలో ఏడిండ్లు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఊళ్ళో చెరువూ లేదు, వరీ లేదు. మగవాళ్ళు ఏటా కాపీతోటలకు పోయి ఉగాదికి తిరిగొచ్చేవాళ్ళు, కొందరు వచ్చేవాళ్ళు కాదు. ఇట్లా కాదని ఊరంతా కూడి, కట్ట మళ్ళీ వేయించుకుందామని కుళ్ళాయప్ప సామిని పిలుచుకొచ్చింది.

కుళ్ళాయప్ప సామి మఠంలో కూర్చునే సామి కాదు. రాయి కొట్టి, మన్ను మోయించి, తొమ్మిది చెరువులు కట్టినవాడు. పగలంతా పని చేయించేవాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కున్నాక నలుగురూ చుట్టూ చేరితే రెండు మాటలు చెప్పేవాడు, లేకపోతే ఊరకే కూర్చునేవాడు. అట్లా కూర్చోబెట్టుకున్నవాళ్ళే ఆయన శిష్యులు. సుంకులు ఇరవై ఏండ్లప్పుడు ఆయన గుంపులోకి కూలికి వచ్చింది. ముప్పై ఎనిమిదేండ్లకు, కట్టమీది తడిమట్టిలో వేలితో ఆయనే ఆమెకు అక్షరాలు దిద్దించాడు. "ఈ వయసులో నాకెందుకు సామీ" అంటే, "మట్టికి నీ వయసు తెలీదులే, దిద్దు" అన్నాడు.

ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషిని గొంతుతో, రాయిని చేత్తో గుర్తుపడుతున్నాడు. కట్ట అయిపోవచ్చింది. మరవ ఒక్కటే మిగిలింది.

చెరువు నిండాక మిగిలిన నీళ్ళు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన కట్టే గట్టే మరవ. అది పొట్టిదైతే నీళ్ళు నిలవవు, చివరి మళ్ళు ఎండుతాయి. పొడుగుదైతే నీళ్ళు బాగా నిలుస్తాయి. కానీ పెద్దవాన పడిననాడు పోయే దోవ లేక కట్టనే తెంచుకుంటాయి. ముప్పయ్యేండ్ల కిందట జరిగింది అదే.

"మరవ ఎత్తు ఎంతో నువ్వు చెప్పు" అన్నాడు సామి సుంకులుతో.

ఆమెకు భయమేసింది. వేసినా, లోపల ఒక మూల పొంగింది కూడా. ఎందుకంటే ఆమె దగ్గర నోటుబుక్కు ఉంది. రెండేండ్లుగా ఊళ్ళో ముసలీ ముతకా అందరి అరుగులూ ఎక్కి, ఏ ఏడు ఎంత వాన పడిందో, వాగునీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి రాసుకుంది. వాళ్ళకేమి తారీకులు తెలుసు! పెద్దక్క పెండ్లయిన ఏడు, మోకాటి లోతు. ఎర్రావు చచ్చిన ఏడు, చుక్క లేదు. కవలలు పుట్టిన ఏడు, చింతమాను కొమ్మలు మునిగినాయి. నలభై ఒక్క ఏండ్లు అట్లా వరసగా ఎక్కాయి. ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేనిది నా దగ్గరుంది అనుకునేది సుంకులు. చదువుకోవడమంటే ఇదే కాబోలు అని, పుటలు నిమిరి చూసుకునేది.

తీరా ఎత్తు చెప్పమనేసరికి ఆ నలభై ఒక్క ఏండ్లూ నలభై ఒక్క మాటలు చెప్పాయి. మూడు మూరలైతే చాలంటుంది ఒక పుట. ఐదు మూరలు కావాలంటుంది ఇంకో పుట. కూడింది, తీసింది, మొదటినుంచి మళ్ళీ చదివింది. తొమ్మిది రోజులు గడిచాయి. గానుగాడించిన సున్నం గోనెపట్టాల కింద తడారిపోతూ ఉంది.

బయపరెడ్డి రోజూ వచ్చేవాడు. ఆయన ఆయకట్టు రైతుల పెద్ద. నోరు పెద్దదే గానీ మనిషి చెడ్డవాడు కాదు, ఇద్దరు కొడుకులు కాపీతోటల్లో ఉన్నారు.

"ఏమ్మే సుంకులూ, వానదేవుడు ఇంకా జాబు రాయలేదా? అడ్రసు సరిగ్గా ఇచ్చినావా లేదా?"

పని చేసేవాళ్ళంతా నవ్వారు. సుంకులు కూడా నవ్వబోయింది గానీ రాలేదు.

"ఐదు మూరలు కట్టించు తల్లీ" అన్నాడాయన, ఈసారి మెల్లగా. "నా పిల్లోళ్ళను ఇంటికి రప్పించుకుంటా."

ఆయన అటు పోగానే అంకాలి వచ్చింది. అంకాలి సుంకులు కూతురే. ఇచ్చింది దిగువ గేరిలో. చంకలో నాలుగు నెలల పిల్ల.

"మూడు మూరలు దాటనీవద్దుమా" అంది. "మా అత్త ఇప్పటికీ ఉరిమితే కూచున్నకాడ కూచోదు. దీన్నెత్తుకొని పరిగెత్తమంటావా నన్ను?"

పిల్ల అమ్మమ్మ ముక్కుపుడక పట్టుకొని లాగింది. సుంకులు దాని చేతిని విడిపించుకోకుండా చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.

తర్వాత లేచి సామి దగ్గరికి పోయింది. కట్ట పక్కన బండలు నిలబెట్టి కప్పిన కొట్టంలో ఆయన ఉలి నూరుకుంటున్నాడు. కళ్ళు కనబడకపోయినా ఉలి మాత్రం రోజూ నూరుతాడు.

"సామీ, నాతో కాలేదు. ఒక్కమాట నువ్వే చెప్పు. ఎన్ని మూరలు?"

"బుక్కు తెచ్చినావా?"

తెచ్చానని చేతిలో పెట్టింది. ఆయన పుటలు ఒక్కొక్కటిగా వేళ్ళతో తిప్పాడు, చివరిదాకా.

"బాగా రాసినావు. రాబొయ్యే ఏడు ఏ పుటలో ఉంది మ్మే?"

సుంకులు బుక్కు వెనక్కి తీసుకుంది.

"ఆకలిగా ఉంది" అన్నాడు సామి. "మాబు కొత్త రాగిపిండి తెచ్చినాడు. అందరికీ సంగటి కెలుకు పో."

నామీద ఇంత భారం ఉంటే ఈయనకు సంగటి కావాల్నా అని ఆమెకు ఏడుపొచ్చింది. అయినా పోయి పొయ్యి వెలిగించింది.

మాబన్న మోసుకొచ్చిన మూట అక్కడే ఉంది. దూదేకుల మాబన్నకు చెరువుకింద చిట్టచివర రెండు మళ్ళున్నాయి. కట్టకు అందరికంటే ఎక్కువ తట్టలు మోసింది అతనే. నీళ్ళొస్తే అందరికంటే ఆఖరున తడిసేది అతని మళ్ళే.

సుంకులు కుండలో ఎసరు పెట్టింది. నూకలు పోసి ఉడకనిచ్చింది. నూకలు మెత్తబడ్డాక, ఎప్పటిలాగే, చూడకుండానే, ఒక చెంబుడు ఎసరు ముంచి పొయ్యి పక్కన పెట్టుకుంది. అప్పుడు పిండి పోసింది.

సామి కట్టె తడుముకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. చెయ్యి చాచాడు. వేడి చెంబు తగిలింది.

"ఇదేంది?"

"ఎసరు సామీ."

"కుండలో ఉండాల్సింది చెంబులో ఎందుకుంది?"

"పిండి కొత్తది కదా. ఎంత నీళ్ళు తాగుతాదో ఏమో. చాలకపోతే పోసుకుంటా."

"నలభై ఏండ్లనుంచి సంగటి కెలకతాండావు. ఇంకా తెలీదా నీకు?"

"ఎట్ల తెలుస్తాది సామీ? ఏ పిండి దారి దానిది."

"ఓహో" అన్నాడు సామి. తువ్వాలు కొసతో చెంబు పట్టుకొని, అంతా కుండలో కుమ్మరించేశాడు.

"సామీ!"

ఇంక చేసేదేమీ లేదు. ఎంత కెలికినా సంగటి గట్టిపడలేదు. ముద్ద చేస్తే ఆకులో నిలవక అన్నివైపులా పారింది. కట్టమీది పనివాళ్ళు పన్నెండు మందీ ఆకులు ఎత్తి పట్టుకొని తాగారు.

"సుంకులక్కా, ఇది సంగటా? చెరువు పూడిక తీసి పెట్టినావా?"

"మరవ లేదు కదప్పా, పొర్లిపోతాంది."

సామి కూడా ఆకు ఎత్తి పట్టుకొని తాగాడు. గడ్డం మీదుగా కారింది. తుడుచుకొని, "బాగుంది" అన్నాడు. ఉలి దగ్గరికి పోయాడు.

సుంకులు తినలేదు. ఖాళీ చెంబు ముందు పెట్టుకొని దానివంకే చూస్తూ కూర్చుంది. ఎప్పుడో చిన్నప్పుడు, అమ్మ వెంట ఏదో దూరపు ఊరికి పనికి పోయినప్పుడు చూసిన చెరువొకటి కళ్ళముందు కదిలింది. అక్కడి మరవ పొట్టిది. దానిమీద మూరకొక రాయి చొప్పున వరసగా నిలువురాళ్ళు పాతి ఉన్నాయి. సుంకులు వాటిని దేవుళ్ళనుకొంది. కూలివాళ్ళంతా అట్లాగే అనుకున్నారు. అమ్మ ప్రతిరాయికీ పసుపు పూసి, పిల్లచేత దండం పెట్టించింది. ఆ దేవుళ్ళ సందుల్లో ఎండిన గరికతో మట్టిపెళ్ళలు ఎందుకు ఇరుక్కొని ఉన్నాయో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కట్టమీదికి వచ్చి, పనివాళ్ళను పిలిచి చెప్పింది. "సున్నంతో కట్టేది మూడు మూరలే. దానిమీద రెండు మూరల నిలువురాళ్ళు పాతండి. రాయికీ రాయికీ మధ్య మూరెడు సందు."

బయపరెడ్డి చూసి తల పట్టుకున్నాడు. "ఇదేంది మ్మే, పండ్లూడిన ముసలిదాని నోరు మాదిరి? ఈ సందుల్లో నీళ్ళన్నీ పోవా?"

"వానల్లో పోతాయి రెడ్డీ, పోనీ. చిత్త కార్తె దాటి వానలు వెనకబట్టినాక, గరిక పెళ్ళలు తెచ్చి సందులు మూసుకుందాం. అప్పుడు నీకు ఐదు మూరల నీళ్ళు."

"మూసినాక పెద్దవాన వస్తే?"

"పెళ్ళలు పీకేస్తాం."

"ఎవరు పీకేది? ఎప్పుడు పీకేది? అది ఎవరు చెప్తారు?"

సుంకులు "నేను చెప్తా" అంది.

కొట్టంలో ఉలి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దూకుతుంటే ఊరు ఊరంతా వచ్చి చూసింది. స్వాతిలో ఆకాశం తెల్లబడ్డాక, అందరూ కలిసి గరిక పెళ్ళలతో సందులు మూశారు. చెరువు ఇంకా పైకి లేచింది. ముప్పయ్యేండ్లకు మాబన్న మళ్ళలో నాట్లు పడ్డాయి. అతను గట్టుమీద నిలబడి, ఒకసారి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

వరి పొట్టమీద ఉన్నప్పుడు మబ్బు పట్టింది.

మామూలు మబ్బు కాదు. తూర్పునుంచి, కొండంత, నల్లగా. మధ్యాహ్నమే చీకటి పడ్డట్టయింది. కాకులు అరవడం మానేశాయి. దిగువ గేరిలో ఆడవాళ్ళు కుండా చట్టీ మూటగట్టుకొని గుట్టవైపు చూస్తున్నారు. అంకాలి అత్త అప్పుడే మేకను విప్పేసింది. చెరువు నిండా ఐదు మూరల నీళ్ళు.

"ఆగు సుంకులూ" అన్నాడు బయపరెడ్డి. ఎగతాళి లేదు ఆ గొంతులో. "విశాఖ కార్తె పోయింది. ఇప్పుడొచ్చే మబ్బు ఊరికే తిరిగిపోయే మబ్బు. నీళ్ళు వదిలితే మళ్ళీ రావు. చివరి మళ్ళు ఎండుతాయి."

మాబన్న తన మళ్ళవైపు చూశాడు. సుంకులు అతనివైపు చూడలేకపోయింది.

నోటుబుక్కు ఇంట్లో ఉంది. తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు ఆమెకు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని మరవలోకి దిగింది. మొదటి పెళ్ళ తనే పీకింది. చల్లటి నీళ్ళు తొడలకు తగిలాయి. రెండోది, మూడోది. ఆమెను చూసి గేరివాళ్ళు దిగారు. తర్వాత ఇంకో మనిషి వచ్చి పక్కన నిలబడి పీకడం మొదలుపెట్టాడు. చూస్తే మాబన్న.

ఆ సాయంత్రం మబ్బు ఊరిమీదుగా పోయింది. గాలి వీచింది. నాలుగు చినుకులు పడ్డాయి. అంతే.

మర్నాడు ఫెళ్ళున ఎండ కాసింది. రెండు మూరల నీళ్ళు వాగులో కలిసిపోయాయి.

"సుంకులూ, గొడుగు కావాల్నా?" అన్నాడు బయపరెడ్డి. ఎండలోకి చూస్తూ అన్నాడు, ఆమెవైపు చూడలేదు.

ఆయన మళ్ళు గట్టెక్కాయి, మధ్యవీ ఎట్లాగో గట్టెక్కాయి. మాబన్న రెండు మళ్ళూ మాత్రం గింజ పట్టకముందే ఎండిపోయాయి. అతను వాటిని కోసి, ఒక మోపు నెత్తిన పెట్టుకొచ్చి సుంకులు ఇంటిముందు దించాడు.

"నీ గొడ్డుకు వెయ్యక్కా. గడ్డిగానన్నా పనికొస్తాది."

తిట్టినా బాగుండేది. సుంకులు ఆ మోపు పక్కనే కూలబడింది. మెల్లగా లేచి, సామి కొట్టానికి నడిచింది.

సామి అప్పటికి నెల రోజులుగా మంచం దిగడంలేదు. చెయ్యి పక్కనున్న గోడబండను తడుముతూ ఉంది, చేసిన పని ఎట్లా ఉందో చూసుకుంటున్నట్టు.

"సుంకులా?"

"నేనే సామీ." మంచం కోడు పట్టుకొని కింద కూర్చుంది. "తప్పు చేస్తిని. రాని వానకు చెరువు తెరిస్తిని. మాబన్న నోటికాడి కూడు తీస్తిని."

సామి ఆమెవైపు తల తిప్పాడు.

"ఆ పొద్దు గేరివాళ్ళు గుట్టెక్కినారా?"

"లేదు. పెళ్ళలు పీకేది చూసి మూటలు దించినారు."

"అంకాలి బిడ్డ?"

"ఉయ్యాల్లో నిద్రపోయింది సామీ. మేమంతా నీళ్ళలో ఉంటే, అది ఊరికే నిద్రపోయింది."

ఆయన నవ్వినట్టున్నాడు. తర్వాత, "మాబుకు ఈ ఏడు గింజలు ఎవరిస్తారు?" అన్నాడు.

సుంకులు ఆలోచించింది. "పైమళ్ళవాళ్ళు తలా ఒక కుంచం ఇవ్వాల. నేను పోయి అడుగుతా. గేరివాళ్ళనూ అడుగుతా. ముందు రెడ్డినే అడుగుతా."

"తిడతాడు."

"తిట్టనీ సామీ. ఇస్తాడు."

సామి చెయ్యి గాలిలో తడుముకుంది. ఆమె తన తల ఆ చేతికింద పెట్టింది. ఉలి పట్టి కాయలు కాసిన చెయ్యి. ఇంత తేలికగా ఎప్పుడైపోయిందో అనుకుంది.

"మళ్ళీ ఏడూ మబ్బొస్తాది" అన్నాడాయన. "నేనుండను. ఏ మబ్బు దారి దానిది. ఈ ఏటి మబ్బు అబద్ధమాడిందని దానికి చెప్పద్దు తల్లీ."